ఆవిరిని ఆపవలసిన కవాటము
రైలింజను రెగ్యులేటరు నిర్మాణముపై ఒక విమర్శ

పాఠశాల పుస్తకములలో ఆవిరియంత్రమును వర్ణించు పాఠము సాధారణముగా సిలిండరుతో మొదలై సిలిండరుతోనే ముగియును. పిస్టను ముందుకు వెనుకకు ఎట్లు కదలునో, జారుడు కవాటము ఆవిరిని ఒకమారు ఈ వైపునకు, మరొకమారు ఆ వైపునకు ఎట్లు పంపునో, క్రాంకు చక్రమును ఎట్లు త్రిప్పునో బొమ్మలతో వివరింపబడును. బాయిలరునుండి సిలిండరునకు వచ్చు దారిలో ఆవిరిని అదుపు చేయు మరొక కవాటము కలదు. అది బొమ్మలో ఒక చిన్న గీతగా మిగిలిపోవును. ఇంగ్లండులో దీనిని రెగ్యులేటరు అనియు, అమెరికాలో థ్రాటిల్ అనియు అందురు. భారతీయ రైల్వేలలో వాడుక పడిన పేరు రెగ్యులేటరే.

ఇంజను కదలవలెనన్నను, వేగము తగ్గవలెనన్నను, ఆవిరి ఆగిపోవలెనన్నను డ్రైవరు చేయి మొట్టమొదట పోవునది ఈ కవాటపు పిడి మీదికే. కనుక దీని నిర్మాణము ఎంత మంచిదో తూచుటకు ఒక కొలబద్ద కావలెను. సులువుగా తెరుచుకొనునా? తెరుచుకొన్నప్పుడు ఆవిరికి విశాలమైన దారి ఇచ్చునా? ఈ రెండు ప్రశ్నలకు ఇంజనీర్లు ఎన్నో తెలివైన సమాధానములు కనుగొనిరి. ఎట్టి పరిస్థితిలోనైనను మూతపడునా అను మూడవ ప్రశ్నకు మాత్రము తృప్తికరమైన సమాధానము చివరివరకును రాలేదు. రెగ్యులేటరు చరిత్రను ఈ మూడవ ప్రశ్నతో పరిశీలించినచో దాని గుణములు, లోపములు రెండును స్పష్టమగును.

రెండు పనులు, ఒక్క కవాటము

జేమ్సు వాట్ తన యంత్రములకు 1788లో గవర్నరును అమర్చెను. రెండు ఇనుపగుండ్లు గిరగిర తిరుగుచు, వేగము హెచ్చినప్పుడు ఎడముగా జరిగి, ఆవిరి గొట్టములోని ఒక పలుచని బిళ్లను కొంచెము మూయును. వేగము తగ్గినచో అది మరల తెరుచుకొనును. కర్మాగారములోని యంత్రము ఎప్పుడును ఒకే వేగముతో తిరుగవలెను గనుక ఈ ఏర్పాటు సరిపోయెను.

రైలింజను స్థితి వేరు. స్టేషనులో అది నిలువవలెను; మిట్టమీద బలముగా లాగవలెను; పల్లములో ఆవిరి లేకుండ జారవలెను. ఇందుకు గవర్నరు పనికిరాదు. డ్రైవరే గవర్నరు. అందుచేత అతని చేతిలోని కవాటము రెండు భిన్నమైన పనులు చేయవలసి వచ్చెను. ఒకటి, ఆవిరిని కావలసినంత మాత్రమే వదలుట. రెండవది, ఆవిరిని పూర్తిగా ఆపుట. మొదటి పనికి సున్నితము కావలెను. రెండవ పనికి గట్టిదనము కావలెను. ఈ రెండును ఒక్కచోట కుదురుట కష్టము. పేచీ అంతయు ఇక్కడనే పుట్టినది.

డోములోని జారుడు కవాటము

బాయిలరులో నీరు తెర్లుచుండును. దాని పైభాగమున ఆవిరి నిలుచును. నీటికి దగ్గరగా ఉన్న ఆవిరిలో తుంపరలు ఎక్కువ. అందుచేత బాయిలరు వీపుమీద డోము అను గుమ్మటము కట్టి, అన్నిటికంటె ఎత్తయిన ఆ చోటునుండి ఆవిరిని తీసికొనుట ఆచారమైనది. పాత ఇంజనులలో రెగ్యులేటరు ఎక్కువగా ఈ డోములోనే ఉండెడిది. పిడినుండి ఒక కడ్డీ బాయిలరు లోపలినుండియే అక్కడకు పోయెడిది.

వీనిలో అతి సాధారణమైనది జారుడు కవాటము. రంధ్రములు గల ఒక పలక మీద మరొక పలక జరుగును. రంధ్రములు కలిసినప్పుడు ఆవిరి పోవును, తప్పినప్పుడు ఆగును. చూచుటకు ఇంత సులభమైన యంత్రభాగము మరొకటి లేదు. కాని లెక్క వేసినచో దాని బరువు తెలియును. బాయిలరు పీడనము చదరపు సెంటీమీటరునకు 14 కిలోగ్రాములనియు, రంధ్రముల వైశాల్యము 100 చదరపు సెంటీమీటర్లనియు అనుకొనవలెను. మూసియున్న పలకను ఆవిరి 1,400 కిలోగ్రాముల బలముతో నొక్కుచుండును. ఘర్షణ గుణకము 0.15 అయినచో దానిని జరుపుటకు 210 కిలోగ్రాముల బలము కావలెను. పిడి ఆ బలమును ఎనిమిదవ వంతునకు తగ్గించినను, డ్రైవరు 26 కిలోగ్రాములకు పైగా లాగవలెను. అట్లు లాగినప్పుడు పలక ఒక్కసారిగా కదలి, ఆవిరి ఒక్క ఉరుకున సిలిండర్లలోనికి దూకును; చక్రములు పట్టాలమీద జారిపోవును.

దీనికి కనుగొన్న ఉపాయము మెచ్చదగినది. పెద్ద పలకమీద ఒక చిన్న పలకను అమర్చిరి. దీనిని పైలటు కవాటమనవచ్చును. పిడిని కొంచెము కదిపినచో మొదట ఇదియే తెరుచుకొనును. దాని రంధ్రము 10 చదరపు సెంటీమీటర్లయినచో పైలెక్క ప్రకారమే పిడివద్ద మూడు కిలోగ్రాముల బలము కూడ అక్కరలేదు. దానిగుండ పోయిన ఆవిరి అవతలి గొట్టమును నింపును. రెండు వైపుల పీడనములు దగ్గరపడిన పిదప పెద్ద పలక సులువుగా కదలును.

మరికొందరు జారుడు పలకను విడిచి రెండు పీఠముల కవాటమును వాడిరి. ఒకే కాడకు రెండు బిళ్లలు ఉండును. ఆవిరి ఒకదానిని పైకి, మరొకదానిని క్రిందికి నెట్టును గనుక బలములు చాలవరకు రద్దగును. 15 సెంటీమీటర్ల వ్యాసము గల ఒకే బిళ్లమీద 14 కిలోగ్రాముల పీడనము సుమారు 2,470 కిలోగ్రాముల బలము చూపును. దానికి తోడుగా 14 సెంటీమీటర్ల బిళ్లను ఎదురుగా పెట్టినచో మిగులు బలము సుమారు 320 కిలోగ్రాములు మాత్రమే. తెరచుటకు ఇది ఎంతో సుఖము. కాని కాడయు, పీఠములు గల పెట్టెయు వేడికి ఒకే విధముగా వ్యాకోచింపకున్నచో ఒక బిళ్ల పీఠమును తాకునప్పుడు రెండవది వెంట్రుకవాసి ఎడముగా నిలుచును. అంతట ఆవిరి కారుట మొదలగును. తెరచుటలో సంపాదించిన సౌఖ్యమునకు మూయుటలో చెల్లించిన మూల్యమిది.

రెగ్యులేటరు కారుట చిన్న విషయము కాదు. నిలిచియున్న ఇంజనులో కొంచెము కొంచెముగా కారిన ఆవిరి సిలిండర్లలో చేరి, కొంతసేపటికి ఇంజనును తనంతట తానే కదల్చగలదు. అందుచేతనే ఇంజనును విడిచి దిగునప్పుడు రెగ్యులేటరు మూసినంత మాత్రమున చాలదనియు, రివర్సు పిడిని నడుమకు తేవలెననియు, సిలిండర్ల క్రింది కుళాయిలు తెరువవలెననియు, చేతి బ్రేకు బిగింపవలెననియు డ్రైవర్లకు నేర్పెడివారు. ఒక కవాటము మీద నమ్మకముంచక మూడు జాగ్రత్తలు చెప్పిన ఈ నియమము ఆ కవాటముపై వెలువడిన మొదటి విమర్శ. దానిని వ్రాసినది అనుభవము.

పిడి కదలిక, ఆవిరి ప్రవాహము

రెగ్యులేటరును నీటి కుళాయితో పోల్చుట వాడుక. ఈ పోలిక తప్పు కాదుగాని, కుళాయి ఎట్లు పనిచేయునో చాలమంది గమనింపరు. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. కుళాయిని పావుచుట్టు చొప్పున త్రిప్పుచు, ప్రతిమారు ఒక లీటరు పాత్ర నిండుటకు పట్టిన కాలమును విద్యార్థులచే వ్రాయించవలెను. లీటర్లను ఒక అక్షముమీద, చుట్లను మరొక అక్షముమీద గుర్తించినచో వచ్చునది సరళరేఖ కాదు. మొదటి చుట్టులో ప్రవాహము త్వరత్వరగా పెరుగును. తరువాత ఎంత త్రిప్పినను పెరుగుదల స్వల్పమే.

ఆవిరి విషయమున ఈ వంపు ఇంకను తీవ్రము. గంటకు 10,000 కిలోగ్రాముల ఆవిరిని వాడుకొను ఇంజను ఒకటి ఉన్నదనుకొనవలెను. 14 కిలోగ్రాముల పీడనమున ఘనమీటరు ఆవిరి సుమారు ఏడున్నర కిలోగ్రాములు తూగును. కవాటము పూర్తిగా తెరచినప్పుడు దారి 127 చదరపు సెంటీమీటర్లయినచో ఆవిరి వేగము సెకనుకు సుమారు 29 మీటర్లు. ఇది నెమ్మదియైన ప్రయాణము. పీడన నష్టము కొద్ది. ఇప్పుడు ఆ దారిని పదవ వంతునకు తగ్గించినచో ఏమగును? ప్రవాహము కూడ పదవ వంతగునని తోచును. కాని అట్లు కాదు. అవతలి పీడనము ఇవతలి దానిలో సుమారు 58 శాతమునకు పడిపోయినచో, ఆ ఇరుకుచోట ఆవిరి ధ్వనివేగమును అందుకొని, దాదాపు అదే 10,000 కిలోగ్రాములను దాటించివేయును. అవతలి పీడనమును ఇంకను తగ్గించినను ఇంతకుమించి పోదు.

దీని అర్థమేమి? పిడి ప్రయాణములో మొదటి పదవ వంతులోనే అదుపు అంతయు ఇమిడియున్నది. మిగిలిన తొమ్మిది వంతులలో పిడి కదలినను ఇంజనుకు పెద్దగా తెలియదు. మూయునప్పుడు కూడ ఇంతే. పిడిని చాలదూరము వెనుకకు త్రోసినను ఆవిరి ఇంకను సమృద్ధిగా పోవుచునే ఉండును. 'చాలవరకు మూసితిమి' అను మాటకు ఆవిరి దృష్టిలో విలువ లేదు.

ఇట్లు ఇరుకున దూరిన ఆవిరికి కలుగు మార్పు విచిత్రమైనది. దాని మొత్తము ఉష్ణము తగ్గదు. 14 కిలోగ్రాముల పీడనమున 197 డిగ్రీల సెంటీగ్రేడులో ఉన్న పొడి ఆవిరిని వాతావరణ పీడనమునకు జారవిడిచినచో అది సుమారు 158 డిగ్రీల వద్ద ఉండును. అనగా ఆ పీడనమునకు సహజమైన 100 డిగ్రీలకంటె ఎంతో వేడిగా ఉండును. ఉష్ణము పోలేదుగాని పనిచేయు శక్తి పోయినది. కొండమీది నీటిని మరచక్రము మీద పడనీయక ఊరక పల్లమునకు వదలినట్లే ఇది.

ఫ్రాన్సు దేశపు ఇంజనీరు ఆంద్రె షాపెలాన్ ఈ నష్టమును తీవ్రముగా పట్టించుకొనెను. పారిస్–ఓర్లియాన్సు రైల్వేవారి 3566 సంఖ్య గల ఇంజనును 1929లో ఆయన పునర్నిర్మించినప్పుడు, ఆవిరి దారులన్నిటిని విశాలము చేసెను. ఆవిరిని మరింత వేడి చేసెను. పొగ వెలువడు ఏర్పాటును కూడ మార్చెను. సుమారు 2,000 అశ్వశక్తి గల ఇంజను సుమారు 3,000 అశ్వశక్తిని ఇచ్చెను. తెరచుట అను కళకు ఇది శిఖరము. దారి విశాలమైన కొలది దానిని మూయవలసిన బాధ్యతయు పెరుగునని మరువరాదు.

పొగపెట్టెలోనికి మారిన కవాటము

జర్మనీకి చెందిన విల్హెల్మ్ ష్మిట్ కృషివలన సూపర్ హీటరు వాడుకలోనికి వచ్చెను. ఆవిరిని బాయిలరునుండి తీసిన తరువాత సన్నని గొట్టములలో మరల వేడి చేయుట దీని పని. బొగ్గు, నీరు రెండును ఆదా అయినవి. కాని రెగ్యులేటరు డోములోనే ఉండుటచేత ఒక కొత్త చిక్కు వచ్చెను. కవాటమును మూసిన తరువాత కూడ, దానికిని సిలిండర్లకును నడుమ సూపర్ హీటరు గొట్టములలో నిండియున్న ఆవిరి పిస్టన్లను తోయుచునే ఉండును. చక్రములు జారినప్పుడు డ్రైవరు వెంటనే మూసినను ఇంజను వెంటనే వినదు.

అందుచేత కవాటమును ఇంజను ముందుభాగముననున్న పొగపెట్టెలోనికి, సూపర్ హీటరునకు అవతలి వైపునకు మార్చిరి. అమెరికాలో వాడుకకు వచ్చిన రకములో ఒకే పెద్ద కవాటమునకు బదులు వరుసగా చిన్న కవాటములు ఉండును. గడులు గల ఒక ఇరుసు తిరుగుచు వీనిని ఒకదాని వెంట ఒకటిగా తెరచును. బ్రిటిష్ రైల్వేలవారు 1951లో బయటికి తెచ్చిన బ్రిటానియా తరగతి ఇంజనులలో కూడ పలుకవాటముల రెగ్యులేటరు పొగపెట్టెలోనే ఉండెను. పిడినుండి కవాటమునకు పోవు కడ్డీ బాయిలరు వెలుపలి ప్రక్కన కనబడుచుండెడిది.

ఈ నిర్మాణమునకు న్యాయముగా మంచి మార్కులే ఈయవలెను. పైన చెప్పిన వంపును ఇది చాలవరకు సరిదిద్దినది. పిడి కదలిక ప్రతి భాగమునకును కొంత అర్థము వచ్చినది. ఆవిరి నిలువ సిలిండర్ల దగ్గర లేదు గనుక, మూయగానే ఇంజను వినును. కాని మూడవ ప్రశ్న అడిగినచో రెండు లోపములు తేలును. ఒకటి, కవాటములు ఇప్పుడు ఎంతో వేడియైన ఆవిరిలో నిలిచియుండవలెను. నీటిలోని లవణములు ఆవిరివెంట వచ్చి వాని పీఠములమీద పేరుకొనినచో సరిగా కూర్చుండవు. రెండవది ఇంకను గట్టిది. సూపర్ హీటరు గొట్టములు ఎల్లప్పుడును బాయిలరు పీడనములోనే ఉండును. వానిలో ఒకటి పగిలినచో రెగ్యులేటరును మూసి లాభము లేదు. పగిలిన చోటు కవాటమునకు ఇవతల ఉన్నది. కొన్ని అమెరికన్ ఇంజనులలో ఇందుకై డోములో వేరొక ఆపుడు కవాటమును అమర్చిరి. అది ముఖ్యముగా మరమ్మతుల సౌకర్యమునకు.

చోటు విషయమున ఇంజనీర్లు ఎంత ఊగిసలాడిరో ఒక ఉదాహరణ చాలును. గ్రేటు వెస్టరన్ రైల్వేలో చర్చివార్డు డోము లేని బాయిలర్లను నిర్మించి, ఆవిరిని ఫైరుబాక్సు పైభాగపు మూలలనుండి తీసి, రెగ్యులేటరును పొగపెట్టెలో పెట్టెను. ఆ సంప్రదాయములో పెరిగిన స్టేనియరు 1932లో లండన్ మిడ్‌లండ్ అండ్ స్కాటిష్ రైల్వేకు పోయి, 1935లో తన 8ఎఫ్ తరగతి సరుకు ఇంజనులను మొదలుపెట్టెను. వానిలో మొదటి కొన్నిటికి డోము లేదు. తరువాతివానికి డోము వచ్చెను, రెగ్యులేటరు అందులోనికి పోయెను.

నీరు పొంగినప్పుడు

కవాటము ఎక్కడ ఉన్నను దానికి పెద్ద శత్రువు నీరు. బాయిలరులో నీటిమట్టము హెచ్చుగా ఉన్నప్పుడో, నీటిలో మలినము ఎక్కువైనప్పుడో, రెగ్యులేటరును ఒక్కసారిగా తెరచినప్పుడో నీరు నురగగా లేచి ఆవిరితోపాటు గొట్టములలోనికి వచ్చును. ఆ పీడనమున నీరు ఆవిరికంటె సుమారు 115 రెట్లు బరువైనది. అంత బరువైన పదార్థము వేగముతో కవాటముమీద పడినప్పుడు, ఆవిరికొరకు లెక్క వేసిన బలములు పనికిరావు. పిడి బిగిసిపోవును. సరిగా ఇదే సమయమున డ్రైవరు మూయ దలచును. మూయుట అత్యవసరమైన క్షణమే మూయుట అతికష్టమైన క్షణము.

మూయుటలో మరొక అపాయము కలదు. సిలిండర్లనుండి చిమ్నీలోనికి పోవు వాడిన ఆవిరియే పొయ్యిలోని గాలిని ముందుకు లాగును. రెగ్యులేటరును మూయగానే ఆ లాగుడు నిలిచిపోవును. మంట వెనుకకు తిరిగి డ్రైవరు గదిలోనికి రావచ్చును. అందుచేత ముందు బ్లోయరును తెరచి, తరువాత రెగ్యులేటరును మూయవలెనని నేర్పెడివారు. అనగా మూయుట అను ఒక్క పనికి రెండు చేతులు, ఒక క్రమము, కొంత స్తిమితము కావలెను. భయము కలిగిన వేళ ఈ మూడును ఉండునని నమ్మి నిర్మించిన యంత్రమును మంచి యంత్రమనుట కష్టము.

1957 ఫిబ్రవరి 9

ఈ మూడవ ప్రశ్న ఎంత పెద్దదో ఇంగ్లండులోని డెర్బీషైరు కొండలలో 1957 ఫిబ్రవరి 9న తెలిసివచ్చెను. బక్స్టన్ నుండి బయలుదేరిన ఒక సరుకు రైలు ఏటవాలు ఎక్కుచుండెను. ఇంజను పైన చెప్పిన 8ఎఫ్ తరగతిది. డ్రైవరు జాన్ ఆక్సన్. ఫైర్‌మన్ రాన్ స్కాన్లన్. ఎక్కుడు గనుక రెగ్యులేటరు తెరచియున్నది. అంతలో డ్రైవరు గదిలో, ఆవిరి బ్రేకునకు పోవు గొట్టపు అతుకు విడిపోయెను. సలసల కాగు ఆవిరి గదిని నింపెను. ఒక్క దెబ్బతో బ్రేకు పోయెను. రెగ్యులేటరు పిడి ఆవిరి మాటున చిక్కుకొనెను.

ఇద్దరును ఒళ్లు కాలుచున్నను పిడిని మూయ ప్రయత్నించిరి, పూర్తిగా మూయలేకపోయిరి. ఆక్సన్ ఫైర్‌మన్‌ను దిగి వాగన్ల చేతిబ్రేకులు వేయుమని పంపెను. తాను దిగలేదు. ఇంజను ప్రక్కకు వ్రేలాడుచు, దారిలోని సిగ్నలు మనిషికి చేయి ఊపి హెచ్చరించెను. శిఖరము దాటిన రైలు పల్లమున పడి, చాపెల్-ఎన్-లె-ఫ్రిత్ వద్ద ముందున్న మరొక సరుకు రైలును గుద్దెను. ఆక్సన్, ఆ రెండవ రైలు గార్డు జాన్ క్రీమర్ మరణించిరి. ఆ సంవత్సరమే ఆక్సన్‌కు మరణానంతరము జార్జి క్రాసు పతకమును ప్రకటించిరి.

ఆ మనిషి ధైర్యమును పొగడనివారు లేరు. కాని విజ్ఞానశాస్త్రము పొగడ్తతో ఆగరాదు. ఆ ధైర్యము ఎందుకు అవసరమైనదని అడుగవలెను. కవాటము చెడలేదు, దాని పలకలు, పీఠములు సరిగానే ఉండవచ్చును. దానిని మూయవలసిన పిడి మాత్రము ఆవిరి గొట్టములన్నియు గుమిగూడు ఆ వెనుక పలకమీదనే ఉండెను. గదిలోనికి ఆవిరి వచ్చినచో, ఆవిరిని ఆపు సాధనము ఆవిరిలోనే మునిగిపోవును. పిడికి మరొక లక్షణము కూడ కలదు: ఎక్కడ వదలినచో అక్కడే ఉండును. చేయి తీసినంతమాత్రమున మూతపడదు. ఎక్కుటకై తెరచిన దారి దిగునప్పుడును తెరచియే ఉండెను.

తీర్పు

నిర్మాతల పక్షమున చెప్పదగినది లేకపోలేదు. డ్రైవరునకు బ్రేకు, రివర్సు పిడి, ఇంజెక్టరు కూడ చూచుకొనవలసియుండును. ఎడతెగక నొక్కి పట్టుకొనవలసిన పిడి అతనికి భారము. బాయిలరులో అదనపు కవాటము పెట్టినచో కారుటకు మరొక చోటు, మరమ్మతునకు మరొక ఖర్చు. ఇవి నిజములే. కాని ఆవిరినే వాడు మరొక యంత్రము ఈ చిక్కును వేరుగా విప్పుకొన్నది. విద్యుత్కేంద్రములోని ఆవిరి టర్బైనునకు ప్రవాహమును సవరించు కవాటములు వేరు. అపాయము వచ్చినప్పుడు తటాలున మూతపడు ఆపుడు కవాటము వేరు. రెండవదానిని తెరచి ఉంచుటకు బలము కావలెను. ఆ బలము పోయినచో అది స్ప్రింగుచే తనంతట తానే మూసికొనును. కొత్తగూడెములోను, రామగుండములోను టర్బైన్ల రక్షణ ఈ సూత్రముమీదనే ఆధారపడి ఉన్నది. విద్యుత్తుతో నడచు అనేక రైళ్లలో డ్రైవరు చేయి జారినచో శక్తిని ఆపి బ్రేకు వేయు ఏర్పాటు ఉన్నది. ఆవిరి ఇంజను రెగ్యులేటరు మాత్రము రెండు పనులను ఒక్క పిడికి కట్టి, చివరివరకు అట్లే ఉండిపోయెను.

భారతదేశపు బ్రాడ్‌గేజి మార్గములపై నిత్యసేవలో ఆవిరి ఇంజనుల యుగము 1995లో ముగిసినది. నీలగిరులలోను, డార్జిలింగు దారిలోను ఇప్పటికిని అవి నడచుచున్నవి. అక్కడ రెగ్యులేటరును చూచు అవకాశము విద్యార్థులకు కలదు. చూచినప్పుడు మెచ్చుకొనవలసినవి చాల కనబడును: పైలటు కవాటములోని ఉపాయము, రెండు బిళ్లల సమతూకము, వరుసగా లేచు చిన్న కవాటముల నేర్పు. వానిని మెచ్చుకొనుచునే ఆ మూడవ ప్రశ్నను కూడ అడుగవలెను. గ్యాసు పొయ్యి మొదలు రసాయన కర్మాగారము వరకు ఏ కవాటమును చూచినను, అది ఎట్లు తెరుచుకొనునో తెలిసికొనుట సగము పాఠమే. చేయి చేరలేని వేళ, మనసు స్తిమితము లేని వేళ అది ఎట్లు మూతపడునో తెలిసికొనుట మిగిలిన సగము.